సుగంధి వేరు

గాజు పళ్లెంలో బాక్టీరియా నిశ్చింతగా పెరిగింది. సుగంధి వేరు సారం అద్దిన కాగితపు చుక్క చుట్టూ రవ్వంత ఖాళీ కూడా లేదు.

సింధూరి మూత పెట్టేసింది. పోయినసారి ఇదే సారం రూపాయి బిళ్లంత మేర బాక్టీరియాను చంపింది. ఆ ఫలితం మీదే వ్యాసం అచ్చయింది. సోమవారం వచ్చే పరీక్షకుడు దాన్ని కళ్లారా చూడాలంటున్నాడు. పాత సరుకు అయిపోయింది.

సైన్సూ బేరం లాంటిదే. మొదటి బస్తాలో చూపించిన నాణ్యం రెండో బస్తాలోనూ ఉండాలి.

"మొక్క మారిందేమో," అన్నాడు గైడు రామకోటేశ్వరరావు.

"లేదు సార్. యాంటీ ఆక్సిడెంట్ గుణం రెండింట్లోనూ ఒకేలా వచ్చింది. బాక్టీరియా దగ్గరే తేడా కొట్టింది."

"వ్యాసం వెనక్కి తీసుకుందామంటావా? అందులో నా పేరూ ఉందమ్మా."

ముందుకెళ్తే చూపించడానికేమీ లేదు. వెనక్కొస్తే డాక్టరేటు లేదు.

ఖాళీ అయిన పాత సంచి పట్టుకుని వన్‌టౌన్‌లో లాల్ అహ్మద్ మూలికల కొట్టుకు వెళ్లింది.

"సరుకు మార్చారా అహ్మద్ గారూ?"

"ఒకటే చేను, ఒకటే తవ్వకమండీ. మార్చానంటే నా కొట్టు పరువు పోతుంది. మార్చలేదంటే మీరు నమ్మరు. ఏం చెప్పమంటారో మీరే చెప్పండి."

"రెండోసారి మీరే ఏరి పంపారు. మొదటిసారి మాత్రం నమాజుకు వెళ్తూ, వెనక గదిలో సుగంధి ఉంది, కావలసింది తీసుకోమన్నారు. అక్కడ అన్నీ తీగా వేరూ కలిసిన మూటలే. ఈ ఒక్కదాని మీదే రాసి ఉంది, చూడండి."

సంచిని బల్ల మీద పరిచింది. నల్ల సిరాతో పెద్ద అక్షరాలు: వేరు.

అహ్మద్ కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇది నా రాత కాదే."

టీ తెచ్చిన అతని భార్య నజీరా సంచిని చూసి ఆగిపోయింది.

"నేనే రాశాను."

"హమ్మయ్య," అంది సింధూరి. "వేరే కదా ఆంటీ?"

"వేరేనమ్మా, వరదలో తడిసి కుళ్లుతుంటే పామర్రు నుంచి మా అన్నయ్య తెచ్చిన వరి తెగులుకు కొట్టే యాంటీబయాటిక్‌లో ముంచి, ఎవరికీ అమ్మకూడదని వేరుగా పెట్టిన సరుకు."