ఏడున్నర అంగుళాలు

“నాలుగూ ముప్పావు అంగుళాలదే వెయ్యవయ్యా,” అన్నాడు క్లీట్. “మా అన్న నడుముకి ముప్పయ్యేళ్లు వేలాడింది అదే. ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు.”

“ఏడున్నర,” అంది అతని వదిన లొరీన్.

హాస్కెల్ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. బల్ల మీద క్లీట్ తెచ్చిన తుపాకుల కేటలాగు తెరిచి ఉంది. ఒకే రివాల్వరు, మూడు బొమ్మలు. పేల్చిన ప్రతిసారీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగాల్సిన పాత రకం. పిడీ సిలిండరూ మూడింట్లోనూ ఒకటే, గొట్టం పొడవే తేడా. ఆ తేడా దగ్గర మాటామాటా పెరిగి అన్నదమ్ములు మొహాలు చూసుకోవడం మానేసిన ఇళ్లు వయోమింగ్‌లో ఉన్నాయి.

“మధ్యలో ఐదున్నర ఉంది కదా మేడమ్,” ఎప్రన్‌కి అంటిన బూడిదరంగు పొడి దులుపుకుంటూ హాస్కెల్ రాజీ కుదర్చబోయాడు. “చాలామంది దాంతో సరిపెట్టుకుంటారు.”

“మా ఇంట్లో సరిపెట్టుకోవడం అయిపోయింది,” అంది లొరీన్.

పెళ్లైన కొత్తలో ఓరిన్ మనసుపడింది ఏడున్నర అంగుళాలదే. నికెల్ పూత. దుకాణంలో దాన్ని చేతిలోకి తీసుకుని చంటిపిల్లాడిలా నవ్వాడు. పక్కనే ఉన్న లొరీన్ ఊరుకోలేదు. “ఇంత పొడుగుది కట్టుకుని పికప్‌లో ఎలా కూర్చుంటావు? సీటు చిరుగుతుంది. ఆ మెరుపు ఎవరికి చూపించడానికి, ఆవులకా? అంత సరదాగా ఉంటే అద్దం కొనుక్కో,” అంది. అమ్మేవాడు కూడా నవ్వాడు. ఓరిన్ ఆ పొడుగుదాన్ని జాగ్రత్తగా గుడ్డతో తుడిచి వెనక్కిచ్చి, నీలం పూత ఉన్న పొట్టిది తెచ్చుకున్నాడు. మనసు నొచ్చుకున్నట్టు కనిపించలేదు. కనిపించనిచ్చే మనిషి కాడు.

“వదినా, అన్న ఆ పొడుగుదాని ఊసెత్తడం మానేసి ఇరవయ్యేళ్లయింది,” క్లీట్ గొంతు తగ్గించాడు. “పొట్టిదానికే చెయ్యి అలవాటుపడింది. ఇప్పుడు కొత్తగా ఇదేమిటని నలుగురూ నవ్వుతారు.”

“ఊసెత్తడం మానేశాడని నువ్వు చెప్పేదాకా నాకు తెలీదు క్లీట్.”

క్లీట్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమె ముందున్న కప్పులో కాఫీ చల్లారిపోయింది. మరిది అన్న మాటకి ఆమెకు కోపం రావాలి, కనీసం సిగ్గయినా వేయాలి. ఏదీ రాలేదు. ఈ మధ్య ఏదీ రావడం లేదు. ఈ ఒక్కటైనా ఆయన కోరుకున్నట్టు జరగాలి అన్న మాట తప్ప బుర్రలో ఇంకేమీ నిలవడం లేదు.

హాస్కెల్ టేపు పరిచి చూశాడు. “గొట్టం ఏడున్నరంటే, పిడితో కలిపి పదమూడు అంగుళాలు. పడుతుంది. మరి పూత? నీలమైతే నల్లగా వస్తుంది. నికెలైతే తెల్లగా తేలుతుంది. కొన్నిటికి ఉక్కు మీద రంగురంగుల మచ్చలు తేలే పూత ఉంటుంది, అది మాత్రం నా చేతిలో లేదు.”

“దూరానికి ఏది కనిపిస్తుంది?”

“నికెలే. ఎండపడితే మరీను.”

“అదే.”

“ఆవులకి చూపించడానికా?” అనేసి క్లీట్ నాలిక్కరుచుకున్నాడు. ఆ మాట ఆ ఇంట్లో ముప్పయ్యేళ్లుగా నలిగిన మాట.

“అవును. ఆవులకే,” అంది లొరీన్.

“సిలిండర్లో గుళ్లు కనిపించాలా?” అడిగాడు హాస్కెల్.

“ఐదు,” వదినా మరిదీ ఒక్కసారే అన్నారు. పొద్దుటినుంచీ ఇద్దరికీ కుదిరింది ఈ ఒక్క మాటే.

“సుత్తి కింద గది ఖాళీ. లేకపోతే సుత్తికి దెబ్బ తగిలితే చాలు, పేలుతుంది,” అన్నాడు క్లీట్. “ఇలాంటిది ఆరూ నింపుకుని తిరిగేవాడు అయితే మూర్ఖుడు, కాకపోతే టెక్సస్ వాడు. మా నాన్న మాకు నేర్పిన మొదటి పాఠం.”

హాస్కెల్ రాసుకున్నాడు. “పేర్లు ఎలా వెయ్యమంటారు?”

“ఓరిన్ టాకెట్. పక్కన లొరీన్. మధ్యలో పెళ్లైన సంవత్సరం.”

“మీ పేరు దగ్గర పువ్వో, గుర్రమో?”

“ఏమీ వద్దు. ఆ చోటు కూడా ఆ గొట్టానికే ఇచ్చెయ్.”

క్లీట్ కేటలాగు మూసేశాడు. వాదించడానికి వచ్చిన మనిషి, కిటికీలోంచి బయట కొట్టుకుపోతున్న మంచు చూస్తూ కూర్చున్నాడు. “సరే వదినా, పొడుగుదే. ఎవరి సరదా వాళ్లది,” అన్నాడు.

“మార్చి తొమ్మిది మా పెళ్లిరోజు. అప్పటికి కావాలి,” అంది లొరీన్.

“మార్చిలో నా వల్ల కాదు మేడమ్. మంచు పోయి నేల మెత్తబడందే మా బండి మీరు చెప్పిన ఆ గుట్ట ఎక్కదు. మే నెల అనుకోండి.”

“మే అయితే మే. తొందరపెట్టేవాళ్లు ఎవరున్నారు?”

హాస్కెల్ కాగితం ఆమె వైపు తిప్పాడు. “ఒకసారి చేశాక మార్చడం ఉండదు. చదువుకుని సంతకం పెట్టండి.”

గొట్టం ఏడున్నర. నికెల్. గుళ్లు ఐదు. లొరీన్ రెండుసార్లు చదివింది. ముప్పయ్యేళ్ల కిందట దుకాణంలో ఆయన ఆ పొడుగుదాన్ని తుడిచి వెనక్కిచ్చిన తీరు గుర్తొచ్చింది. అయినా సంతకం ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

హాస్కెల్ ఆమె పుట్టినతేదీ కూడా అడిగి రాసుకుని, దాని పక్కన పెన్సిల్‌తో చిన్న గీత గీశాడు.

“సమాధిరాయి మీద మీ రెండో తేదీకి చోటు వదిలేస్తాను, మేడమ్.”