నూటికి నూరు

"ఆ కాగితంలో ఒక గడి తక్కువుంది బాబూ."

ఆఫీసరు తలెత్తి చూశాడు.

బల్ల పక్కన ఒక ముసలావిడ. చెప్పులకీ చీర అంచుకీ మట్టి. ఆవిడ కొంగు పట్టుకుని పన్నెండేళ్ల పిల్ల.

ఆఫీసరు పొద్దుట్నుంచీ ఎండలో తిరుగుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి నాలుగు ప్రభుత్వ హైస్కూళ్లు. నాలుగింటినీ పోల్చి చూసి, బాగా వెనకబడ్డదాన్ని మూసెయ్యమని పైకి రాయాలి. అందుకోసం సొంతంగా ఒక పట్టిక గీసుకున్నాడు. పాసైనవాళ్లు, హాజరు, బెంచీలు, మంచినీళ్ల కుళాయిలు, అన్నిటికీ గడులున్నాయి.

పెద్ద బడిలో పదో తరగతి నూటికి నూరు. పదిహేనేళ్లుగా అదే వరస.

ఇప్పుడు కూర్చున్న ఈ మెట్ట బడిలో నూటికి నలభై ఎనిమిది.

"మీరెవరమ్మా? ఈ పిల్ల నాయనమ్మా?"

"కాదు. చేర్పిద్దామని తీసుకొచ్చాను."

"అయితే కాసేపు బయట కూర్చోండి. పనిలో ఉన్నాం."

"కూర్చుంటాను. ఆరులో ఎంతమంది చేరారు, వాళ్లలో పది పరీక్ష దాకా ఎంతమంది మిగిలారు? ఆ గడి పెట్టలేదు మీరు."

ఆఫీసరుకి ఒళ్లు మండింది. పైకి మాత్రం నవ్వాడు.

"మా ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చి కూర్చుంటారా?"

వెంట వచ్చిన గుమాస్తా కిసుక్కుమన్నాడు.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "పిల్ల పొద్దుట్నుంచీ ఏం తినలేదు. కాస్త త్వరగా కానివ్వండి," అని వరండాలోకి వెళ్లింది.

హెడ్మాస్టరు కుర్చీలోంచి సగం లేచాడు. "సార్, ఆవిడ ఏం చేస్తారంటే..."

"దారిన పోయేవాళ్లందర్నీ ఆఫీసు గదిలోకి రానిస్తే మార్కులు ఇలాగే ఏడుస్తాయండీ."

హెడ్మాస్టరు మళ్లీ కూర్చుండిపోయాడు.

నెల తిరక్కుండా మెట్ట బడి మూతపడింది. అక్కడి నూట ముప్ఫైమంది పిల్లల్నీ పెద్ద బడికి మార్చారు.

ఆఫీసులో కొన్నాళ్లపాటు ఏ కాగితంలో ఏ తప్పు దొర్లినా, "గడి మామ్మగారిని పిలవండయ్యా," అనేవాడు ఆఫీసరు. అందరూ నవ్వేవాళ్లు.

ఏడాది గడిచింది. తనిఖీకని పెద్ద బడికి వెళ్లి హాజరు పుస్తకం తెప్పించాడు.

మెట్ట బడి నుంచి వచ్చినవాళ్లలో పంతొమ్మిదిమందే మిగిలారు.

"మిగతావాళ్లేరి?"

పెద్ద బడి హెడ్మాస్టరు ఏమాత్రం తడుముకోలేదు. "వాళ్లకి చదువు అబ్బదు సార్. అమ్మానాన్నల్ని పిలిచి, మీ అంతట మీరే మాన్పించుకోండని నచ్చచెప్తాం. అందర్నీ పరీక్షకి పంపితే నూటికి నూరు ఎక్కణ్నుంచి వస్తుంది?"

"ఎప్పట్నుంచి ఇలా?"

"నేను రాకముందు నుంచీ ఇంతే సార్. కొత్తగా పెట్టిందేం కాదు."

పాత రిజిస్టర్లు దింపించాడు. ప్రతి ఏడాదీ పేర్ల మీద ఎర్రగీతలు. ఆరులో తొంభైమంది, పదికొచ్చేసరికి యాభై ఇద్దరు.

ఆఫీసరు చెవులు వేడెక్కాయి. తన నవ్వు తనకే వినిపించింది.

అటునుంచి అటే మెట్ట బడి పాత హెడ్మాస్టరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

"ఆవిడ ఎక్కడుంటారండీ? ఒక్కసారి కలవాలి."

"పోయి మూడు నెలలైంది సార్."

ఆఫీసరు అరుగు మీద కూలబడ్డాడు.

"మా బళ్లో సగంమంది ఆవిడ చేర్పించినవాళ్లే," అన్నాడు హెడ్మాస్టరు. "పెద్ద బడి వద్దన్న పిల్లల ఇళ్లకి నడిచెళ్లి, పెద్దవాళ్లని బతిమాలి తీసుకొచ్చేవారు. వాళ్లలో కొందరు పాసయ్యేవాళ్లు, కొందరు తప్పేవాళ్లు. మా మార్కులు పడిపోయింది అందుకే."

"ఆ రోజే చెప్పాల్సింది మీరు."

"చెప్పబోయాను సార్."

నిజమే. చెప్పబోయాడు.

"బడి మూశాక కూడా కొన్నాళ్లు తిరిగారు. పిల్లల్ని పోగేశారు గానీ, చేర్పించడానికి చోటే దొరకలేదు. ఆ దిగులుతోనే మంచం పట్టారు."

ఆఫీసరు తల దించుకునే అడిగాడు. "ఎవరండీ ఆవిడ? ఈ పిల్లలకి ఏమవుతారు?"

హెడ్మాస్టరు లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి, గ్లాసు అతని చేతికిచ్చాడు.

"బతికుండగా ఎవరికీ చెప్పనివ్వలేదు సార్, సిగ్గేస్తుందనేవారు. పదహారేళ్ల కిందట పెద్ద బడికి హెడ్మాస్టరుగా ఉండి, మొట్టమొదటిసారి పేర్లు కొట్టేసి నూటికి నూరు తెప్పించింది ఆవిడే."