బెంచీలు తీసిన తరగతి

"బెంచీలన్నీ వరండాలో పెట్టించండి మేడం. పిలకాయలు నేలమీద కూర్చోవాల" అన్నాడు, వీడియో పాఠాలు పెట్టించే సంస్థ నుంచి వచ్చిన పెంచలప్రసాద్.

"ఎందుకు సార్? రొయ్యల చెరువుల కాడ కూలి చేసి వీళ్ల అమ్మానాయన కొనిచ్చినవి" అంది షాహనా టీచర్.

"విదేశీ పిలకాయలతో కలిసి పాఠం గదా. వాళ్లకి మన మీద జాలి పుట్టాల."

షాహనాకు ఆ మాట నచ్చలేదు. అయినా ఉప్పుగాలికి తుప్పుపట్టిన బెంచీని ఒకపక్క తనే పట్టింది.

తెర వెలిగింది. బొట్టు పెట్టుకున్న అక్కడి విదేశీ టీచరు మన పద్ధతిలో చేతులు జోడించింది. ఆమె పిల్లలూ నేలమీదే ఉన్నారు. మఠం వేయడం చేతగాక మోకాళ్లు పట్టుకుని అవస్థపడుతున్నారు. వెనక గోడవారన కుర్చీలు పేర్చి ఉన్నాయి.

"వాళ్లవీ తీసేసినారు టీచర్" అంది ముందువరస హీనా. "వాళ్లకి ఎవరి జాలి కావాల?"