రోడ్‌రోలర్ కూర్చున్న కుర్చీ

“ఆగు నాన్నా, అంచు ఇంకా గరుగ్గా ఉంది!” అంటూ అమ్మాయి కొత్త కుర్చీని గరుకు కాగితంతో గబగబా రుద్దింది. ఫంక్షన్ హాలు మేనేజరు అప్పుడే షెడ్డు ముందు కారు దిగుతున్నాడు.

చెత్తలో దొరికిన సంచులూ పగిలిన బకెట్లూ కరిగించి కుర్చీలు పోయడం ఆమె పిచ్చి. తీరా చూస్తే ఆ రెండు ప్లాస్టిక్కులూ ఉప్పూ నిప్పూ. ఎంత కలిపినా లోపల విడివిడిగానే ఉండి, బరువు పడగానే పుటుక్కుమంటాయి. అలా ఎన్ని కుర్చీలు మళ్ళీ చెత్తలోకే వెళ్ళాయో! ఈసారి ఆ రెండింటినీ విడిపోకుండా పట్టి ఉంచే రసాయన గుళికలు కలిపింది. ఇదీ విరిగితే షెడ్డుకు తాళం వేసి ఉద్యోగం చూసుకుంటానని అమ్మకు మాటిచ్చేసింది.

ఇక పరీక్షకు నాన్నను మించిన యంత్రం ఎక్కడుంది? జీవితమంతా లారీలకు మూటలెత్తిన ఆ భారీ మనిషిని చుట్టాలంతా ‘రోడ్‌రోలర్’ అంటారు. ఆయన వస్తున్నాడంటే చాలు, వాళ్ళ ఇళ్ళల్లో ప్లాస్టిక్ కుర్చీలు మాయమైపోతాయి.

మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. “ఈయన్ని మోసిందంటే మా హాలు మొత్తానికి మీ కుర్చీలేనమ్మా!”

“కూర్చో నాన్నా,” అంది అమ్మాయి.

నాన్న షెడ్డు పనికి కట్టుకున్న పొడుగాటి ఏప్రాన్ సర్దుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, నెమ్మదిగా కుర్చీలోకి దిగాడు. కుర్చీ పుటుక్కుమనలేదు సరికదా, కిర్రుమని కూడా అనలేదు.

“కాస్త వెనక్కి వాలండి,” అన్నాడు మేనేజరు.

“నడుం పట్టేసింది బాబూ. ఇలాగే హాయిగా ఉంది.”

మేనేజరు వంగి కుర్చీ కింద తొంగిచూశాడు. “ఒక్క కాలూ వంగలేదే!”

అమ్మాయికి ఆనందం పట్టపగ్గాల్లేకుండా పొంగుకొచ్చింది. “టీ తెమ్మంటావా నాన్నా?”

“తర్వాత,” అన్నాడాయన పళ్ళ బిగువున. నుదుటి మీద చెమట ధారలు కడుతోంది. పాపం, నాకన్నా ఈయనకే కంగారు ఎక్కువ అనుకుందామె.

“నాకింకేం అనుమానం లేదమ్మా. రేపే ఆర్డరు పంపిస్తాను,” అంటూ మేనేజరు బయటికి నడిచాడు.

అమ్మాయి ఆయన్ని కారు దాకా సాగనంపింది. కారు మలుపు తిరగ్గానే ఎగిరి గంతేసింది. వెంటనే అమ్మకు ఫోన్ చేసి, “గెలిచామే అమ్మా!” అని వీధి అదిరేలా అరిచి, పరుగున లోపలికొచ్చింది.

నాన్న కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు బార్లా చాపి, ఒగరుస్తూ పకపకా నవ్వుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

“విరగలేదమ్మా! నిజంగానే విరగలేదు!”

“అదేంటి నాన్నా, ఇందాకట్నుంచీ అందరం చూస్తూనే ఉన్నాంగా!”

నాన్న అటూ ఇటూ చూసి, వణుకుతున్న తొడలు నొక్కుకుంటూ గొంతు తగ్గించాడు.

“ఇందాక నేను కూర్చోలేదమ్మా.”