మూత కింద ఇంజను

“దగ్గొద్దు మామా, ఎగిరిపోతుంది,” అన్నాడు గోకులకృష్ణన్.

కోవిల్‌పట్టిలో తన ఇల్లు కట్టే పనిని అళగర్‌సామి మేస్త్రికి అప్పగించడానికి వచ్చిన జక్కయ్య ఊపిరి బిగబట్టి వంగాడు. మేస్త్రి కొడుకు గోకులకృష్ణన్ వేలికొన మీద శనగగింజంత విమానం ఇంజను ఉంది. రెజిన్‌తో పోత పోసింది. బొమ్మ విమానాలు కూర్చే సరదా ఉన్నవాళ్లు, పెట్టెలో వచ్చే మొద్దు ఇంజనుకు బదులు దీన్ని కొని పెట్టుకుంటారు. దానికతను వెంట్రుకంత తీగలు అతికిస్తున్నాడు.

“దీన్ని యాడ పెడతారు అబ్బాయా?”

“పాతకాలం విమానం ముక్కులో మామా. పైన మూతేస్తారు.”

“మూతేస్తే తీగలు అగుపిస్తాయా?”

“అగుపించవు.”

మేస్త్రి పకపకా నవ్వాడు. “ఇదే గదా నేను దినమూ మొత్తుకుండేది! మూసేసినాక లోపల ఏముండాదో ఎవురు చూస్తారు? పైన నున్నగా ఉంటే చాలదా? వీనికి పిచ్చి జక్కయ్యన్నా!”

జక్కయ్య కూడా నవ్వబోయి ఆగాడు. చేతిలోని ఇంటి ప్లానును మెల్లగా మడిచాడు.

“మేస్త్రీ, మా ఇంటి పునాదికి ఇనప కమ్మి కట్టే దినం నాకు ముందే చెప్పు.”

“నువ్వొచ్చి ఏం చూస్తావన్నా? నీకేం తెలుస్తుంది?”

“నాకు తెలీదు. ఈ అబ్బాయిని పిలుచుకొని వస్తా.”