గులాబీ ఆకుల దొంగ

"ఇదేమిటో మీరే చెప్పండి, హెర్ రవికిరణ్."

ఇంటి ఓనరు ఫ్రౌ క్రూగర్ మాస్కు పైకి లాక్కుని, దూరం నుంచే గులాబీ ఆకును చూపించింది. ఆకు అంచున అర్ధచంద్రంలా గుండ్రటి కోత.

"పురుగు ఇంత నున్నగా తినదు. ఇది కత్తెర పని. కిండర్‌గార్టెన్ మూసేసినప్పటి నుంచి మీ పాప చేతిలో ఎప్పుడూ కత్తెరే. ఇలాగైతే అగ్రిమెంట్ పొడిగించడం కష్టం."

రవికిరణ్ గబగబా మెట్లెక్కాడు. ఈ లాక్‌డౌన్‌లో, జర్మనీలోని ఈ పాడర్‌బోర్న్‌లో ఇంకో ఇల్లెవరిస్తారు?

మేడ మీద సంగతి వినగానే అతని భార్య ఉదయశ్రీ కూతురి చేతిలోంచి కత్తెర లాక్కుంది. ఆకుపచ్చ గాజులు గలగలమన్నాయి.

"ఒకరి తోటలోది అడక్కుండా ముట్టుకోవచ్చా? అదేనా నీకు నేర్పింది?"

"ఇష్ వార్స్ నిష్ట్," అంది అక్షయ. నేను కాదని. దాని కళ్లలో ఏడుపు లేదు, ఆశ్చర్యమే ఉంది.

"జర్మన్‌లో చెబితే అబద్ధం నిజమైపోదు."

"పోనీలే ఉదయా, నాలుగు ఆకులు."

ఆమె వదల్లేదు. నాలుగు ఆకులకి అంత కోపమెందుకో అతనికి అంతుపట్టలేదు. దిక్కుతోచక దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాడు. పటం మీది ఎర్ర గులాబీ ఇంకా వాడలేదు.

మర్నాడు మీటింగ్‌కి ముందు ఫోన్‌ని తోటలో గులాబీ మొక్కకి ఎదురుగా పూలకుండీల మధ్య దాచి, వీడియో ఆన్ చేసి వచ్చాడు. మీటింగ్ అయ్యాక తెచ్చి చూస్తే మొదట్లోనే దొంగ దొరికింది. చిన్న తేనెటీగ. ఆకు అంచున వాలి, దర్జీలా గుండ్రంగా కత్తిరించి, ముక్కను కాళ్ల కింద ఇరికించుకుని ఎగిరిపోయింది.

మిగతాది చూడకుండానే కిందికి పరుగెత్తాడు.

"వీడియో ఎందుకండీ, నోటితో చెబితే చాలదా?" వెనక నుంచి ఉదయశ్రీ అంటూనే ఉంది.

అతను ఫోన్‌ని బెంచీ మీద పెట్టి దూరంగా జరిగాడు. ఫ్రౌ క్రూగర్ వంగి చూసింది. ముఖం విప్పారింది.

"ఆకులు కోసే తేనెటీగ. గూట్లో పరుచుకుంటుంది. నా తోటకి వచ్చిందంటే నమ్మలేకపోతున్నా. పాపకి నేను సారీ చెప్పాలి. అగ్రిమెంట్ గురించి బెంగపడకండి."

రవికిరణ్ గుండె తేలికపడింది. వీడియో ఇంకా నడుస్తోంది. ఆవిడ చూస్తూనే ఉంది. కాసేపటికి కళ్లజోడు సర్దుకుని, నెమ్మదిగా అడిగింది.

"మరి ఆకుపచ్చ గాజులేసుకొచ్చి పువ్వు కోసుకెళ్తోందే, ఇది ఏ రకం తేనెటీగ?"