సూది దిగిన చోటు

"కదలకే. గీత వంకరపోయిందంటే డాక్టరు నన్ను తిడతాడు" అన్నాడు పోలరాజు.

పద్మకుమారి మంచం మీద పక్కకు తిరిగి పడుకుంది. ఆవిడ ఎడమ తొడ మీద నిమ్మకాయంత గడ్డ. గడ్డ పక్కన చిన్న నీలం సిరా గీత, గుండ్రంగా. పోలరాజు కళ్ళజోడు సర్దుకుని, డాక్టరిచ్చిన పెన్నుతో ఆ గీతనే మళ్ళీ దిద్దుతున్నాడు. ఆవిడ మొగుడు కాబట్టి సరిపోయింది, ఇంకొకరైతే ఈ చాదస్తం భరించేది కాదు.

మూడు నెలల కిందట ఆ గడ్డలోంచి సూదితో ముక్క తీశారు. చెడ్డ గడ్డేనని తేలింది. ముందు కొన్ని వారాలు రేడియేషన్ కరెంటు పెట్టాలి, ఆ తర్వాతే ఆపరేషన్ అన్నారు.

"సూది వెళ్ళిన దారిలో కూడా రోగం అంటుకుని ఉండొచ్చు. గడ్డతోపాటు ఆ దారినీ కోసి తీసెయ్యాలి. ఈలోగా గాయం మానిపోతే చోటు తెలీదు. ఈ గుర్తు మాత్రం చెరగనివ్వకండి" అన్నాడు డాక్టరు, సూది దిగిన చోటు చుట్టూ సిరాతో గీసి.

ఇంకేం, పోలరాజుకి పని దొరికింది. ఆదిత్యపూర్‌లో ఓ చిన్న వర్క్‌షాపులో ఇనప ప్లేట్ల మీద సుద్దగీతలు గియ్యడం ఆయన ఉద్యోగం. ఆయన గీసిన చోటే గ్యాస్ కటింగ్ వాళ్ళు కోస్తారు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క ప్లేటూ పాడవలేదు. అలాంటి మనిషికి పెళ్ళాం తొడ మీద గీత అప్పజెప్తే ఊరుకుంటాడా? పొద్దున్నే పెన్నుతో తయారు. స్నానానికి ముందు ప్లాస్టిక్ కవరు కట్టడం, వచ్చాక విప్పి చూడటం. ఓ రోజు ఆవిడ అక్కడ కొబ్బరినూనె రాసుకుందని వాళ్ళుండే బర్మామైన్స్ ఇళ్ళ లైనంతా వినబడేలా కేకలేశాడు.

ఆవిడకు మహా విసుగ్గా ఉండేది. "నానేటి, ఇనప పలేటునా?" అని దులిపేసేది. పెన్ను కనబడగానే వంటింట్లోకి జారుకునేది.

మొన్న గురువారం ఆయనకు సెలవు దొరకలేదు. కొత్త స్కానింగు రిపోర్టు పట్టుకుని ఆవిడ ఒక్కతే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళొచ్చింది.

"ఏటన్నాడు?"

"సోమారం నిన్ను కూడా తీసుకురమ్మన్నాడు."

పోలరాజు మర్నాడే పది రోజులు సెలవు రాయించుకున్నాడు. ఆసుపత్రికి సంచి సర్దేశాడు. ఆ రోజు నుంచి పద్మకుమారే ఆయన్ని పిలుస్తోంది, గుర్తు పలచబడినట్టుంది చూడమని.

ఇవాళ ఆదివారం. పొద్దున్నుంచి ఇది మూడోసారి. ఆ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన కూతురు సింధు గుమ్మంలోంచి తొంగిచూసి, "పాపా, బస్ కరో. కిత్‌నీ బార్ కరోగే?" అంది, ఇక చాలు నాన్నా, ఎన్నిసార్లు దిద్దుతావన్నట్టు.

"నీకు తెలీదు, పో. రేపు కోసే డాక్టరు, ఈ మార్కింగ్ చేసిన మేస్త్రి ఎవులని అడగాల."

పద్మకుమారి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"బయమేత్తందేటే?" అన్నాడు పోలరాజు.

"నీకో?"

"నాకేటి బయం? గీత సరిగ్గుంటే కోత సరిగ్గుంటాది. గడ్డ తీసి పారేత్తారు. నెల తిరిగేతలికి మళ్ళీ నా మీద అరుత్తావు." ఆయన పెన్నుకి మూత పెట్టాడు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత ఆవిడ కోసం ఆయన చెయ్యగలిగింది ఇప్పుడు ఈ గీత ఒక్కటే. పద్మకుమారి గీత మీద వేలు పెట్టి చూపించింది.

"ఇంకోసారి దిద్దు మావా. ఇటేపు సన్నగుంది."

ఆయన మళ్ళీ వంగాడు.

రోగం ఊపిరితిత్తులకు పాకిపోయిందని, ఇక ఆపరేషన్ లేదని డాక్టరు గురువారమే ఆవిడకు చెప్పేశాడు.